తీసేసినం అన్న మాట

మా ఆర్మూర్‌లో ఆడవాళ్లకు 'ఆపరేషన్' అంటే రెండే అర్థాలు. పిల్లలు ఇక చాలనుకుని చేయించుకునేది ఒకటి. దానికి ముందూ వెనకా ఇంకో మాట అక్కర్లేదు, 'ఆమెకు ఆపరేషన్ అయింది' అంటే అందరికీ తెలిసిపోతుంది. రెండోది గర్భసంచి తీసేసేది, దాన్ని సంచి ఆపరేషన్ అంటారు. కాన్పు కోసం కోసేది కాన్పు లెక్కలోకే పోతుంది. ఇవి కాక, పిల్లలు కావాలని చేయించుకునే ఆపరేషన్ కూడా ఒకటి ఉంటుందని మా వాడలో ఎవరూ వినలేదు. నా దాకా వచ్చేవరకు నేనూ వినలేదు.

నేను పెర్కిట్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. మా ఆయనకు ఆర్మూర్‌లో పసుపు అడ్తి దుకాణం. రైతులు తెచ్చిన పసుపును రాశులు పోయించి వ్యాపారులకు అమ్మించే పని. పసుపు సీజన్‌లో మా ఇంటికి ఎవరొచ్చినా చెప్పులతో పాటు ఇంత పసుపు దుమ్ము కూడా తెస్తారు. చూరు కింద నుంచి మంచాల కిందిదాకా పసుపే. పుట్టింటివాళ్లు వచ్చినప్పుడల్లా "మీ ఇంట్ల రోజూ పేరంటమే" అని ఎగతాళి చేసేవాళ్లు.

పెళ్లయిన కొత్తల్లోనే నెలనెలా రక్తం విపరీతంగా పోయేది. ఆ రోజుల్లో బడికి నల్ల చీరో ముదురు నీలం చీరో కట్టుకుని వెళ్లేదాన్ని. కుర్చీలో కూర్చుంటే లేవడానికి భయం. పిల్లలేమో మా టీచర్ ఎంత ఓపికగా నిలబడి పాఠం చెబుతుందో అనుకునేవాళ్లు. ఇదంతా మామూలేనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. మా అత్తమ్మ వేడి శరీరం అని చెప్పి మెంతుల నీళ్లు తాగించింది. కడుపు మాత్రం పండలేదు. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎవరు కనబడ్డా 'ఏమన్న విశేషమా?' అని అడిగేవాళ్లు. విశేషణాలన్నీ నోటికొచ్చినదాన్ని, ఆ ఒక్క విశేషానికి జవాబు లేక నవ్వేసి తప్పుకునేదాన్ని. ఇంటికొచ్చి స్నానాల గదిలో ఏడ్చేదాన్ని.

చివరికి ఊళ్లోనే స్కానింగ్ తీయించుకుంటే గర్భసంచిలో గడ్డలున్నాయన్నారు. ఆ రిపోర్టు చూసిన మొదటి డాక్టరు తలెత్తకుండానే, "సంచి తీసేయించుకుంటే పీడ పోతుందమ్మా" అంది. నాకు పిల్లలున్నారో లేదో అడగలేదు. అడగనందుకు నాకు వచ్చిన కోపానికి ఆ బల్ల మీది కాగితాలన్నీ చింపెయ్యాలనిపించింది. చింపలేదు. ఫీజు కట్టి బయటికొచ్చాను.

ఇంట్లో ఈ మాట చెబితే మా అత్తమ్మ ముఖం వాడిపోయింది. ఆమె సంచి ఆపరేషన్ అయిన మనిషి. ఇద్దరు పిల్లలు పుట్టాక, నాకిప్పుడున్న వయసు కంటే చిన్న వయసులోనే తీసేశారు. ఆమెకు తెలిసిన ఆడవాళ్లలో సగం మందికి అలాగే అయింది. నా పక్కన వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"గడ్డలుంటే ఉండనియ్ బిడ్డా. సంచి మాత్రం ముట్టనియ్యకు. నాది తీసేసినంక నేను మల్ల మనిషిని కాలే."

అత్తగార్ల గురించి లోకంలో చెప్పుకునే మాటలు మా అత్తమ్మకు అతకవు. ఆమెకు నా మీద కోపం రాలేదు. భయం వచ్చింది.

మేం నిజామాబాద్‌లో ఇంకో డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆమె మొట్టమొదట అడిగిన ప్రశ్న, "పిల్లలు కావాలా?" అని. కావాలన్నాను. ఆ ఒక్క ప్రశ్నకే ఆమెను సగం నమ్మేశాను. ఆమె మందుల చీటీ వెనక్కి తిప్పి, బోర్లించిన జామకాయలాంటి బొమ్మ గీసి, అందులో అక్కడక్కడ గుండ్రాలు చుట్టింది.

"చూడమ్మా, గడ్డ ఎంత పెద్దగుంది అన్నది తర్వాత. ఎక్కడుంది అన్నది ముందు. సంచి బయటివైపు ఉన్నవాటితో పిల్లలకు అంత అడ్డం ఉండదు, చాలాసార్లు వాటిని ముట్టుకోం. ఇదిగో, లోపలికి పెరిగింది ఒకటి. బిడ్డ కూర్చోవాల్సిన చోట ఇది కూర్చుంది. ఇదొక్కటే అయితే కింది నుంచి కెమెరా పంపి తీసేసేదాన్ని, పొట్ట మీద కోత కూడా ఉండేది కాదు. కానీ గోడలో ఇంకో పెద్దది ఉంది, చుట్టూ చిన్నవి కొన్ని ఉన్నాయి."

"చిన్న చిన్న రంధ్రాలతోటి చేస్తరట గదా మేడం?" అన్నాడు మా ఆయన. ఫోన్‌లో అన్నీ చూసి వచ్చాడు.

"చేస్తాం. ఒకటో రెండో ఉంటే, మరీ పెద్దవి కాకపోతే అదే మంచిది, తొందరగా లేచి తిరుగుతారు. ఈమెకు మాత్రం పొట్ట కోసే చేయాలి. చిన్నవి చేతికి తగిలితేనే దొరుకుతాయి. గోడను పొరలు పొరలుగా గట్టిగా కుట్టాలి. రేపు బిడ్డ పెరిగితే ఆ కుట్టే ఆపాలి."

రక్తనాళాన్ని మూసేసి గడ్డను ఎండబెట్టే పద్ధతి కూడా ఉందనీ, పిల్లలు కావాలనుకునేవాళ్లకు దాన్ని తాను ముందుగా చెప్పననీ అంది. గడ్డలు మళ్లీ పుట్టొచ్చనీ, కాన్పు అయితే కోసే తీయాల్సి రావచ్చనీ దాచకుండా చెప్పింది. చివర్లో గొంతు తగ్గించి, "చాలా అరుదుగా, రక్తం ఎంతకీ ఆగకపోతే ప్రాణం కోసం సంచి తీయాల్సి వస్తుంది. అది కూడా మీకు తెలిసి ఉండాలి" అంది.

"మరి పిల్లలైతరా మేడం?" అని మా ఆయన అడిగాడు.

"అడ్డం తీస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది."

ఆ రాత్రి ఇంట్లో మా ఆయన ఇదంతా వాళ్లమ్మకు చెప్పాడు. ఆమె అన్నీ విని ఒక్కటే అడిగింది.

"రక్తం ఆగకపోతెనో?"

అబద్ధం చెప్పడం రాని మనిషి మా ఆయన. పసుపు తూకం దగ్గర కూడా రాదు, అందుకే దుకాణం పెరగకుండా అక్కడే ఉంది. జవాబు చెప్పకుండా చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. మా అత్తమ్మకు అదే జవాబయింది. తెల్లారి ఊరి గుట్ట మీది గుడి మెట్లన్నీ ఎక్కి సంచి ఉండాలని మొక్కి వచ్చింది. పిల్లలు పుట్టాలని మొక్కలేదట, అంత దూరం పోవడానికి ధైర్యం చాలలేదట.

ఆపరేషన్ రోజు జరిగింది నాకు తెలియదు. తర్వాత మా అత్తమ్మ ఏడుస్తూ చెప్పగా విన్నదే. నన్ను లోపలికి తీసుకుపోయిన కాసేపటికి రక్తం సీసా కావాలన్నారు, మా ఆయన బ్లడ్ బ్యాంకుకు పరుగెత్తాడు. తలుపు దగ్గర మా అత్తమ్మ ఒక్కతే ఉంది. రక్తం అనగానే, ఆగకపోతే సంచి తీస్తారన్న మాటే ఆమెకు గుర్తొచ్చింది. అప్పుడు తలుపు సగం తెరిచి ఒక నర్సు స్టీలు ట్రే పట్టుకుని బయటికొచ్చింది. తీసినదాన్ని ఇంటివాళ్లకు చూపించడం మా దవాఖానల్లో ఆనవాయితీ. చూపించకపోతే అసలు తీశారో లేదోనని జనం అనుమానిస్తారు.

"ఇగో, తీసేసినం. చూస్కోండ్రి" అంది నర్సు.

ట్రేలో సంత్రపండంత తెల్లటి ముద్ద, దాని చుట్టూ రక్తంలో చిన్న చిన్నవి. వెనకటికి మా అత్తమ్మ సంచిని ఇలాంటి ట్రేలోనే మా మామయ్యకు చూపిస్తే ఆయన వరండాలో కూలబడి ఏడ్చాడట. ఆమె ఆ సంగతి బతుకంతా వింటూ వచ్చింది. నర్సు లోపలికి వెళ్లి తలుపు మూసుకుంది. లోపల డాక్టరమ్మ ఇంకా నా గర్భసంచిని కుడుతూనే ఉంది. బయట మా అత్తమ్మ మెట్ల మీద కూర్చుని మెండోరలో ఉన్న మా ఆడబిడ్డకు ఫోన్ చేసింది.

"తీసేసిన్రు బిడ్డా" అంది. అంతే అనగలిగింది.

నేను ఏడేళ్లుగా వ్యాకరణం చెబుతున్నాను. కర్త, కర్మ, క్రియ అని నల్లబల్ల మీద రాసి గీతలు గీయించినదాన్ని. ఆ నర్సు చెప్పిన వాక్యంలో క్రియ ఉంది, కర్త ఆ క్రియలోనే ఉంది, కర్మ లేదు. దేన్ని తీసేశారో ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ కర్మంతా తెచ్చి నా నెత్తిన పెట్టారు.

మెలకువ వచ్చేసరికి ఇందల్వాయి నుంచి మా అమ్మ వచ్చి ఉంది. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మా అత్తమ్మ నా పాదాలు పట్టుకుని కూర్చుంది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి అందరి ముందూ చెప్పింది. "గడ్డలన్నీ బయటికి వచ్చేశాయి. సంచి బాగుంది. కొన్ని నెలలు ఆగి ప్రయత్నం చేయండి." నేను సంతోషంతో మా ఆయన చెయ్యి పట్టుకున్నాను. మా అమ్మ, అత్తమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

వాళ్లు ఆ మాట నమ్మలేదు. నమ్మకపోవడానికి కారణం మా ఇంట్లోనే ఉంది. మా మామయ్యకు కాన్సర్ వచ్చినప్పుడు చివరిదాకా ఆయనకు అల్సర్ అనే చెప్పాం. డాక్టరూ మా మాట విని అల్సర్ అనే అన్నాడు. రోగి ముందు చెడ్డమాట అనకూడదని మా దిక్కు పట్టింపు. కాబట్టి డాక్టరమ్మ నా ముందు 'సంచి బాగుంది' అనగానే, పోయిందనడానికి అదే రుజువైంది. మా ఆయన బయటికి తీసుకెళ్లి వాళ్లమ్మకు ఎంత చెప్పినా, "నీకు గూడ గట్లనే చెప్పిన్రు కొడుకా" అందట.

కోలుకోవడానికి మా అమ్మ నన్ను ఇందల్వాయి తీసుకెళ్లింది. నా మనసు బాగు కావాలని ఒడిబియ్యం పోయించింది. పెళ్లయిన ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి దీవించడం మాకు పెద్ద వేడుక. ఒక్కొక్క ముత్తయిదువ దోసిట బియ్యం పోస్తూ 'పిల్లాజెల్లతోని సల్లగుండు బిడ్డా' అనాలి. పెళ్లయినప్పటి నుంచి ప్రతిసారీ ఆ మాట విని లోలోపల మండిపోయేదాన్ని. పిల్లలేరీ, జెల్లలేరీ, ఎందుకు మాటిమాటికీ గుర్తు చేస్తారని.

ఆ రోజు మొదటామె బియ్యం పోసి, "సల్లగుండు బిడ్డా" అంది. రెండో ఆమె కూడా "సల్లగుండు బిడ్డా" అంది. మూడో ఆమె వంతు వచ్చేసరికి నాకు అర్థమైంది. వాళ్లందరూ ముందే మాట్లాడుకుని ఆ ముక్క వదిలేశారు, నాకు బాధ కలగకూడదని. అంత జాగ్రత్తగా, అంత ప్రేమగా వదిలేశారు. కొంగులో బియ్యం బరువెక్కుతుంటే కుట్టు లాగింది. నేను ఉండబట్టలేక గట్టిగా అన్నాను.

"నాకు సంచి ఉన్నది. గడ్డలొక్కటే తీసిన్రు."

ఒకామె నా తల నిమిరి, "గట్లనే బిడ్డా, ఉన్నది. ఎందుకుండదు?" అంది. జ్వరమొచ్చిన పిల్లతో మాట్లాడినట్టు మాట్లాడింది. వెనక నుంచి ఇంకొకరు, "పోరికి ఇంక చెప్పనట్టున్నరు" అని గుసగుసలాడటం వినబడింది. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్లకు అంత జాలి పెరిగింది. అరిచానంటే ఏడ్చేవాళ్లు. నోరు మూసుకున్నాను.

అబద్ధమెందుకు, ఆర్మూర్ తిరిగొచ్చాక కొన్నాళ్లకు నాకే అనుమానం పట్టుకుంది. మా ఆయన కళ్లలోకి వెతికినట్టు చూసేదాన్ని. నిజంగానే నా దగ్గర దాస్తున్నారా? ఒక పొద్దున నెల వచ్చింది. చీర మీద ఆ మరక చూసి సంతోషించడం నా బతుకులో అదే మొదలు, అదే ఆఖరు. పరుగున పోయి మా అత్తమ్మను పిలిచి చూపించాను. ఆ నెలలోనే స్కానింగుకు పోతే ఆమె నాతో పాటు లోపలికి వచ్చింది. డాక్టరమ్మ తెర మీద వేలు పెట్టి, "ఇదిగోమ్మా, సంచి" అంది. మా అత్తమ్మ చెప్పులు విడిచి దగ్గరికి పోయి, ఆ తెర మీద బూడిదరంగు నీడను అరచేత్తో ముట్టుకుని ఏడ్చింది.

"ఊరంత చెప్పి పెట్టిన గదనే. గిప్పుడెట్ల?" అంది ఆటోలో, నాకూ మా ఆయనకూ మధ్య కూర్చుని.

"ఇల్లిల్లు తిరిగి చెప్తవా అత్తమ్మా? పిల్ల పుడితే అదే చెప్తది" అన్నాను నవ్వుతూ. ఆ రోజు మా ముగ్గురికీ అది చాలా మంచి ఉపాయంలా కనబడింది.

మరుసటి ఏడు నెల తప్పింది. మూడు నెలలు నిండేవరకు బయటపెట్టకూడదని మా అత్తమ్మ కట్టడి చేసింది. దిష్టి తగులుతుందని ఆమె భయం. మా ఇద్దరికీ, ఆమెకూ, మా అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. నన్ను బిందె ముట్టుకోనివ్వలేదు. ఎవరూ లేనప్పుడు నా పొట్ట వైపు చూసి తనలో తను నవ్వుకునేది. డాక్టరమ్మ స్కానింగులో నాకూ మా అత్తమ్మకూ గుండె కొట్టుకోవడం వినిపించింది. ఆ చప్పుడు విన్నాక బడిలో ఏ పిల్లనూ తిట్టలేకపోయాను.

మూడో నెలలో, తొమ్మిదో తరగతి పిల్లలకు సంధులు చెబుతుండగా నడుము పట్టేసింది. తర్వాత అంతా ఆ పాత రోజుల్లాగే, రక్తం. నిజామాబాద్ చేరేసరికి అయిపోయింది. గుండె చప్పుడు లేదు. డాక్టరమ్మ నా పక్కన కూర్చుని, కుట్టు బాగానే ఉందనీ, ఇందులో నా తప్పేమీ లేదనీ, ఇలా పోయేవి చాలా ఉంటాయనీ చెప్పింది. నాకు అందరి సంగతీ అక్కర్లేదు. నాది పోయింది.

ఇంటికొచ్చి పడుకున్నాను. మా అమ్మ, అత్తమ్మ నా ముందు ఏడవకూడదని వంటింట్లోకి పోయి ఏడ్చేవాళ్లు. మా ఆయన దుకాణంలో అడిగినవాళ్లకు జ్వరమని చెప్పాడు. అబద్ధం రాని మనిషి, అది కూడా సరిగ్గా చెప్పలేకపోయి ఉంటాడు. వాడకట్టు ఆడవాళ్లు చూడటానికి వచ్చారు. రక్తం పోతోందని ఎలాగో తెలిసింది.

"సంచి తీసేసినంక గూడ గిదేం గోస బిడ్డా నీకు" అందొకామె.

నేను గోడ వైపు తిరిగాను. బిడ్డ పోయిన తల్లిని పట్టుకుని ఏడ్వడం మా వాడలో అందరికీ వచ్చు. నా బిడ్డ మాత్రం వాళ్ల లెక్కలో అసలు రాలేదు. రానిది ఎట్లా పోతుంది? వాళ్లు సంచి లేని గొడ్రాలిని చూసి పోవడానికి వచ్చారు. నేను చెప్పినా ఆ తల నిమిరే చెయ్యి మళ్లీ వస్తుందని తెలుసు. దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

వాళ్లు బయటికి వెళ్లి మా వాకిట్లో కూర్చున్నారు. మా అత్తమ్మ చాయ్ తెచ్చి ఇస్తోంది. కడుపు పోయిందన్న మాట మా దిక్కు బయట అనరు. మళ్లీ నిలవదని, మంచిది కాదని దాచుకుంటారు. అందరికంటే ఎక్కువ దాచమని చెప్పింది ఆమే. అందుకే ఆమె గొంతు వినబడగానే నేను నమ్మలేకపోయాను.

"జ్వరం గాదు. నా కోడలికి కడుపు వోయింది. మూడో నెల."

చాయ్ పళ్లెం కింద పెట్టి మళ్లీ అందుకుంది.

"గా దినం నర్సు తీసేసినం అన్నది గడ్డలను. గడ్డలను తీసేసిన్రు, సంచిని గాదు. నేనే తప్పు చూసిన, తప్పు చెప్పిన. సంచి ఉన్నది. అండ్ల బిడ్డ ఉండె. గుండె గూడ కొట్టుకున్నది, నేను విన్న. నా బిడ్డ నిజమే చెప్పింది, మనమే ఇనలే."

ఆ తర్వాత అక్కడే నిలబడి మెండోరకు ఫోన్ చేసింది. ఆడబిడ్డకు కూడా అదే వాక్యం, 'గడ్డలను' అని విడిగా పలుకుతూ చెప్పింది. ఏడాదికి పైగా ఆ వాక్యంలో లేని మాట అది. నా దుప్పటి కింద నుంచి వింటూ నోరు తెరిచి ఏడ్చేశాను. వాడంతా వినబడేలా ఏడ్చాను.

వాళ్లు చాయ్ గ్లాసులు అక్కడే వదిలి లోపలికి వచ్చారు. ఈసారి ఎవరూ తల నిమరలేదు. మంచం చుట్టూ కింద కూర్చుని నాతో పాటు ఏడ్చారు, పోయిన బిడ్డకు ఎలా ఏడవాలో అలా. అందులో పెద్దామె, అందరికీ పురుళ్లు పోసిన అవ్వ, నా పొట్ట మీద కొంగు సర్దింది.

"పిల్లాజెల్లతోని సల్లగుండు బిడ్డా" అంది.

ఆ మాట మళ్లీ నా దాకా రావడానికి నా బిడ్డ పోవాల్సి వచ్చింది. అవ్వ చెయ్యి వదలకుండా పట్టుకుని, "అట్లనే అవ్వా" అన్నాను.